ఇల్లు అమ్మేవారి సందేహాలు: మధ్యవర్తి ఎవరి మనిషి?

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సొంత ఇల్లు అమ్మకానికి పెట్టినవారివే. తిరుపతి కొర్లగుంట నుంచి చిత్తూరు గ్రీమ్స్‌పేట దాకా రాసినవారి ఊళ్లూ పేటలూ వేరయినా, చిక్కులకు మూలం మాత్రం చాలావరకు ఒక్కటిగానే కనిపించింది. ఇంటికి వచ్చిన మధ్యవర్తి అమ్మేవారి మనిషా, కొనేవారి మనిషా, లేక తానే కొనదలచినవాడా అన్నది తేలకముందే కాగితాల మీద సంతకాలు పడిపోతున్నాయి. మధ్యవర్తులంటే నాకు చిన్నచూపు లేదు. కొనేవారి స్తోమతు ముందే కనిపెట్టి, బేరం చెడబోయే ఘడియలో ఇరువైపులా సర్దిచెప్పి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం మెట్లు దిగేదాకా వెంట నిలిచినవారిని ఎందరినో చూశాను. అటువంటివారికి ఇచ్చే కమీషన్ దండుగ కాదు. అయితే వారు ఎవరి తరఫున నిలబడ్డారన్నది మాటగా కాక రాతగా ఉండాలి.

ప్రశ్న: నేను ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మావారు కాలం చేశారు. పిల్లలిద్దరూ బెంగళూరులో స్థిరపడడంతో కొర్లగుంటలో నా పేరున ఉన్న ఇల్లు అమ్ముదామనుకుంటున్నాను. తెలిసిన మధ్యవర్తి ఒకరు 72 లక్షలకు తాను పూచీ అని చెప్పి, 2 లక్షలు అడ్వాన్సు ఇచ్చి ఆరు నెలల గడువుతో తన పేరునే అగ్రిమెంటు రాయించుకుంటానంటున్నారు. కొనేవారు దొరికాక నేరుగా వారి పేరున రిజిస్ట్రేషన్ చేసిస్తే చాలట. కమీషన్ కూడా వద్దంటున్నారు. సంతకం చేయవచ్చునా?
— విశ్రాంత ఉపాధ్యాయిని, తిరుపతి

జవాబు: అమ్మా, కమీషన్ వద్దన్న మాట దగ్గరే మీరు ఆగి ఆలోచించవలసింది. పని చేసిపెట్టి కూలి వద్దనేవారు లోకంలో అరుదు. ఆయన వద్దంటున్నారంటే ఆయన రాబడి వేరేచోట ఉందన్నమాట. ఆ అగ్రిమెంటు మీద సంతకం పడిన మరుక్షణం ఆయన మీ మధ్యవర్తి కాకుండా పోయి, మీ ఇంటిని కొంటానని ఒప్పుకున్న వ్యక్తి అవుతారు. దీనినే మారుబేరం అంటారు. మీకు 72 లక్షలని రాసి, ఇంకొకరికి 82 లక్షలు చెప్పి, నడుమ ఉన్న 10 లక్షలు తాను ఉంచుకోవడం ఇందులోని కిటుకు. నేరుగా ఆ మూడో మనిషి పేరునే రిజిస్ట్రేషన్ చేయమనడానికీ కారణం ఉంది. మన రాష్ట్రంలో విక్రయ దస్తావేజుకు స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, వెరసి 7.5 శాతం కట్టవలసి ఉంటుంది. తాను ఒకసారి కొని మళ్లీ అమ్మితే ఈ ఖర్చు రెండుసార్లు పడుతుంది కనుక, 72 లక్షల మీద 5 లక్షల 40 వేల రూపాయలు తప్పించుకోవడానికే “నా పేరున గానీ, నేను చెప్పినవారి పేరున గానీ” అన్న వాక్యం అగ్రిమెంటులోకి చేరుతుంది.

మారుబేరం దానంతటదే నేరమేమీ కాదు. అడిగిన ధర చేతికి వచ్చాక, పైన ఎంత మిగిలినా అది ఆయన తెగువకు దక్కిన ఫలమని సరిపెట్టుకునేవారూ ఉన్నారు. కానీ ఇక్కడ తెగువ ఎవరిదో చూడండి: ఆయన ఒడ్డుతున్నది 2 లక్షలు, మీరు ఒడ్డుతున్నది ఇల్లు. ఆరు నెలలపాటు మీరు ఇంకొకరితో బేరం మాట్లాడలేరు. గడువులోగా గిరాకీ తగలకపోతే మరో మూడు నెలలు పొడిగించమంటారు. మీరు కాదంటే, ఒప్పందం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించాలని కోరుతూ స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావా వేస్తానంటారు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని 2018లో సవరించిన తరువాత, అటువంటి దావాలో ఉపశమనం నిరాకరించే విచక్షణ కోర్టులకు మునుపటికంటె బాగా తగ్గింది. అగ్రిమెంటులో రాసుకున్న గడువు తేదీ నుంచి మూడేళ్ల దాకా ఆ దావా వేయవచ్చు. రిజిస్టరు కాని అగ్రిమెంటు కదా, చెల్లదులే అన్న ధీమా కూడా పనికిరాదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 49వ సెక్షన్ దానిని ఇటువంటి దావాలో సాక్ష్యంగా చూపుకోనిస్తుంది. మిగతా డబ్బు చెల్లించడానికి మొదటినుంచీ సిద్ధంగా ఉన్నానని రుజువు చేసుకోవలసింది ఆయనే కాబట్టి చివరికి మీరే గెలవవచ్చు. కానీ దావా నడిచినన్నాళ్లూ ఆ ఇంటివైపు ఏ కొనుగోలుదారూ, ఏ బ్యాంకూ కన్నెత్తి చూడదు. కూతురి పెళ్లి కోసం ఇల్లు అమ్మబోయి, లక్షన్నర అడ్వాన్సుకు ఇలాగే సంతకం చేసిన ఒక పెద్దాయన తరఫున నేను వాదించాను. తీర్పు ఆయన పక్షానే వచ్చింది, కాకపోతే అది వచ్చేనాటికి ఆ కూతురి కొడుక్కు అక్షరాభ్యాసం కూడా అయిపోయింది.

కాబట్టి ఆ మధ్యవర్తిని కూర్చోబెట్టి సూటిగా అడగండి: “మీరు కొంటారా, కొనిపిస్తారా?”

కొంటానంటే, ఆయనను అచ్చంగా కొనుగోలుదారుగానే చూడండి. ధరలో కనీసం పదోవంతయినా అడ్వాన్సుగా బ్యాంకు ద్వారా పుచ్చుకోండి. గడువు అరవై రోజులు, మహా అయితే తొంభై రోజులు పెట్టండి. గడువు దాటితే అగ్రిమెంటు రద్దవుతుందనీ, అడ్వాన్సులో ఎంత మీకు మిగులుతుందో ఎంత తిరిగి ఇవ్వాలో స్పష్టంగానూ రాయించండి; ఎంత జప్తు చేసుకోవచ్చునని రాసుకున్నా న్యాయమైన నష్టపరిహారం మేరకే కోర్టు అనుమతిస్తుంది కనుక అతిగా రాయడంవల్ల ప్రయోజనం లేదు. మీ లిఖితపూర్వక అంగీకారం లేకుండా ఆ అగ్రిమెంటు హక్కును ఇంకొకరికి బదలాయించరాదని ఒక షరతు ఉండాలి. ఇంటి తాళాలు మాత్రం రిజిస్ట్రేషన్ దాకా మీ దగ్గరే ఉండనివ్వండి. స్వాధీనం ఇచ్చినట్టు అగ్రిమెంటులో రాస్తే దానికి విక్రయ దస్తావేజుతో సమానంగా స్టాంపు సుంకం పడుతుంది, ఆయనను ఖాళీ చేయించడం వేరే తలనొప్పి అవుతుంది.

కొనిపిస్తానంటే, అగ్రిమెంటు అక్కర్లేదు; ఒక పేజీ అధికార పత్రం చాలు. ఇంటి వివరం, మీరు కోరే కనీస ధర, కమీషన్ ఎంత శాతమో, అది ఏ రోజున చెల్లిస్తారో, ఆయన అధికారం ఎన్ని రోజులపాటు ఉంటుందో, మీ పక్షాన అడ్వాన్సు పుచ్చుకునే అధికారం ఆయనకు లేదన్న సంగతి, ఈ ఆరు విషయాలూ అందులో ఉంటే సరిపోతుంది. వీటికి తోడు, కొనేవారి దగ్గర కూడా కమీషన్ తీసుకుంటుంటే ఆ మాట మీకు ముందే చెప్పాలని ఒక వాక్యం చేర్చండి. మన ఊళ్లలో ఇరువైపులా తీసుకోవడం మామూలే గానీ, మీకు తెలియకుండా తీసుకోవడం మామూలు కాకూడదు.

ఈ తేడాకు చట్టంలో ఎంత బలముందో చెప్పాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 215వ సెక్షన్ కింద, ఏజెంటు తన యజమానికి అన్నీ చెప్పి ఒప్పించకుండా ఆ వ్యవహారంలో తానే సొంతానికి దిగితే, అందులో ఏదైనా దాచినట్టు గానీ యజమానికి నష్టం జరిగినట్టు గానీ తేలినప్పుడు యజమాని ఆ బేరాన్ని తోసిపుచ్చవచ్చు. ఆ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణే, ఆస్తి అమ్మిపెట్టమంటే ఇంకొకరి పేరు అడ్డుపెట్టి తానే కొనుక్కున్న ఏజెంటుది. రెండో ఉదాహరణలో ఏజెంటు ఆ భూమిలో గని ఉందని కనిపెట్టి, ఆ సంగతి దాచి, నేనే కొంటానంటాడు. మన తిరుపతిలో గనులు లేకపోవచ్చు గానీ, వీధి వెడల్పు కాబోతున్న సంగతో, పక్క స్థలం ఏ హోటలువారో కొన్న సంగతో గనికి తీసిపోదు. 216వ సెక్షన్ కింద, యజమానికి తెలియకుండా ఏజెంటు సొంతానికి వ్యవహరించి గడించిన లాభాన్ని యజమాని అడిగి పుచ్చుకోవచ్చు. ఈ రక్షణలన్నీ ఆయన మీ ఏజెంటుగా ఉన్నంతవరకే. ఆయన పేరున అగ్రిమెంటు రాసిచ్చిన రోజున వీటిని మీ చేతులారా వదులుకున్నట్టే.

ఇక 72 లక్షలన్న ధర సరైనదేనా అన్నది మీరు అడగలేదు గానీ, ముందు అడగవలసింది అదే. మీ వీధిలో ఈమధ్య అమ్ముడైన ఇళ్ల దస్తావేజుల నకళ్లు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దొరుకుతాయి. వాటిలో రాసిన ధర అసలు ధరకంటె తక్కువగా ఉండడం మామూలే కనుక దానిని అడుగుమట్టంగా మాత్రమే తీసుకోండి. అర్హత ఉన్న వాల్యుయర్ ఒకరిచేత స్థలానికి, కట్టడానికి విడివిడిగా విలువ కట్టించుకుంటే ఆ చిన్న ఖర్చు వృథా పోదు. విశ్రాంత జీవితం స్వామి పాదాల చెంత గడపాలని బయటి ఊళ్లనుంచి వచ్చేవారు మేడ మీదినుంచి కొండ కనబడే ఇంటికి లెక్క చూడకుండా ఎక్కువ ఇవ్వజూపుతారు. ఆ సంగతి మధ్యవర్తికి బాగా తెలుసు, మీకూ తెలియాలి.

ప్రశ్న: ఇల్లు అమ్మకానికి ఉందని ముగ్గురు మధ్యవర్తులకు చెప్పాను. మొదటి ఆయన తీసుకొచ్చి చూపించిన దంపతులే రెండు నెలల తరువాత మూడో ఆయన వెంట వచ్చి బేరం కుదుర్చుకున్నారు. ఇప్పుడు ఇద్దరూ ఒక్కో శాతం అడుగుతున్నారు. మూడో ఆయన తనకు రెరా నంబరు ఉందని, కాబట్టి హక్కు తనదేనని వాదిస్తున్నారు. ఎవరికి ఇవ్వాలి?
— పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: పాత ఇంటి అమ్మకంలో కమీషన్ ఇంత అని ఏ చట్టమూ నిర్ణయించలేదు, అది కేవలం మీ మధ్య ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ప్రత్యేకంగా రాసుకోకపోతే, అప్పగించిన పని పూర్తయ్యాకే ఏజెంటుకు ప్రతిఫలం బాకీ పడుతుందని కాంట్రాక్టు చట్టంలోని 219వ సెక్షన్ చెబుతుంది. మీ వ్యవహారంలో పని ఎవరివల్ల పూర్తయిందన్నదే వివాదం. ఇల్లు మొదట చూపించడం ఒక్కటే చాలదు, చివరి రోజున పక్కన నిలబడడం ఒక్కటే చాలదు. ధర దగ్గర బేరం ఆగిపోయినప్పుడు దానిని కదిలించింది ఎవరన్నది చూడాలి. మీరు రాసినదాన్ని బట్టి మూడో ఆయన మాటకే బరువు ఎక్కువ. అయినా మొదటి ఆయన శ్రమ లేకపోతే ఆ దంపతులకు ఇల్లు ఉందనే తెలియదు కదా. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్క శాతాన్నే వారి మధ్య పంచుకొమ్మని చెప్పి, ఇద్దరిచేతా రసీదులు రాయించుకోవడం మేలని నా అభిప్రాయం. రెండు శాతాలు ఇవ్వవలసిన బాధ్యత మీకు లేదు.

రెరా నంబరు వాదన నిలవదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం (రెరా)లోని 9వ సెక్షన్, ప్రమోటర్లు అమ్మే ప్రాజెక్టుల్లోని ప్లాట్లనూ ఫ్లాట్లనూ అమ్మిపెట్టే ఏజెంట్లు రిజిస్టరు చేసుకోవాలని చెబుతుంది. ఒకరు తమ పాత ఇంటిని మరొకరికి అమ్ముకునే బేరంలో ఆ నంబరు లేనివారు పనికిరారనీ లేదు, ఉన్నవారికి ముందు హక్కనీ లేదు. కాకపోతే ఆ నంబరు నిజమైనదే అయితే, ఆయనకు ఒక చిరునామా, పోగొట్టుకోవడానికి ఒక గుర్తింపు ఉన్నాయన్న భరోసా మాత్రం మీకు దొరుకుతుంది. అది తక్కువదేమీ కాదు.

ఇకమీదట ఇల్లు అమ్మబోయేవారు ఒక చిన్న అలవాటు చేసుకుంటే ఈ తగాదాలు సగం తీరతాయి. ఇల్లు చూపించడానికి ఎవరిని తీసుకొచ్చినా, వారి పేరూ తేదీ వాట్సాప్‌లో మీకు పంపమని మధ్యవర్తిని అడగండి. పదిమంది మధ్యవర్తుల చేతిలో పెడితే తొందరగా అమ్ముడవుతుందనే నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది గానీ, నా అనుభవంలో జరిగేది వేరు. ఒకరు 60 అంటారు, ఇంకొకరు 55కే ఇప్పిస్తానంటారు, నెల తిరిగేసరికి అది ‘తిరిగిన ఇల్లు’ అయి, ఏదో లోపముందన్న అనుమానం పుడుతుంది. ఇద్దరికి మించి చెప్పవద్దు. ఒక్కరికే అప్పగించి గడువు రాసిస్తే ఇంకా మంచిదే, కాకపోతే ఆ గడువు మధ్యలో సరైన కారణం లేకుండా అధికారం ఉపసంహరిస్తే కాంట్రాక్టు చట్టంలోని 205వ సెక్షన్ కింద మధ్యవర్తి పరిహారం అడగవచ్చు. అందుకే గడువు రెండు నెలలు దాటనివ్వకండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థయితే కమీషన్ మీద 18 శాతం పన్ను కలుపుతుంది. ఒక్క శాతమన్నది దానితో కలిపా, దాని పైనా అన్నది ముందే తేల్చుకోండి.

ప్రశ్న: మా ఇంటికి 80 లక్షలకు బేరం కుదిరింది. 45 లక్షలకే దస్తావేజు రాసి, మిగతా 35 లక్షలు నగదుగా ఇప్పిస్తాననీ, ఇద్దరికీ పన్ను మిగులుతుందనీ మధ్యవర్తి అంటున్నారు. 2010లో 20 లక్షలకు కొన్న ఇల్లు ఇది. ఈ డబ్బుతో పీలేరులో ఇల్లు కొనాలని మా ఆలోచన.
— పాఠకుడు, తిరుపతి

జవాబు: ఇద్దరికీ అన్నమాట నిజం కాదు. 35 లక్షల మీద 7.5 శాతం లెక్కన కొనేవారికి 2 లక్షల 62 వేల 500 రూపాయలు మిగులుతాయి. ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే కొనేవారు అందులో 1 శాతం టీడీఎస్ (చెల్లింపులోంచే కోసే పన్ను) పట్టి ప్రభుత్వానికి కట్టాలి. ఆ పనీ వారికి తప్పుతుంది. మీకు మిగిలేది మాత్రం భయం. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదు పుచ్చుకోరాదన్న నిబంధన 2015 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. బేరం పూర్తయినా కాకపోయినా అది వర్తిస్తుంది. దొరికితే పుచ్చుకున్న మొత్తానికి సమానమైన జరిమానా పడుతుంది, అదీ పుచ్చుకున్నవారి మీద.

సక్రమంగా రాస్తే పన్ను ఎంతో లెక్క చూద్దాం. 2010-11లో 20 లక్షలకు కొన్న ఇంటిని 2025-26లో 80 లక్షలకు అమ్మినట్టయితే లాభం 60 లక్షలు, దాని మీద 12.5 శాతం చొప్పున ఏడున్నర లక్షలు. 2024 జూలై 23కు ముందు కొన్న ఆస్తి కనుక, భారతదేశంలో నివసించేవారికి పాత పద్ధతి ఎంచుకునే వీలూ ఉంది. ఆ పద్ధతిలో కొన్న ధరను ద్రవ్యోల్బణ సూచీతో, అంటే 167 నుంచి 376కు, హెచ్చిస్తే సుమారు 45 లక్షలవుతుంది. మిగిలిన 35 లక్షల మీద 20 శాతం చొప్పున దాదాపు 7 లక్షలు. సర్‌ఛార్జి, సెస్సు వేరు. మధ్యవర్తి రాసిచ్చిన రసీదు ఉంటే ఆ కమీషన్‌ను అమ్మకపు ఖర్చుగా లాభంలోంచి తీసివేయవచ్చు. రసీదు ఇవ్వనివారికి కమీషన్ ఇవ్వవద్దనడానికి ఇదొక కారణం.

ఇంత చెప్పాక అసలు సంగతి. పాత ఇంటిని అమ్మడానికి ముందు ఏడాదిలో గానీ, అమ్మిన రెండేళ్లలో గానీ మరో ఇల్లు కొంటే, లేదా మూడేళ్లలో కట్టుకుంటే, అందులో పెట్టిన మేరకు ఈ లాభానికి మినహాయింపు ఉంది. మీరు పీలేరులో ఎలాగూ కొనబోతున్నారు. అంటే సక్రమంగా రాసినా మీరు కట్టవలసిన పన్ను పూర్తిగా తీరిపోవచ్చు. రిటర్ను దాఖలు చేసే గడువులోగా ఇల్లు దొరకకపోతే, ఆ సొమ్మును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచాలి. లేని పన్నును తప్పించుకోవడానికి 35 లక్షల నగదు ఇంట్లో పెట్టుకుంటే, పీలేరులో దానిని చూపించి ఇల్లు కొనలేక మళ్లీ ఇదే తప్పు అక్కడా చేయవలసి వస్తుంది. పైగా రిజిస్ట్రేషన్ ముగిశాక ఆ నగదులో 10 లక్షలు ‘వచ్చే వారం’ అంటే మీరు ఏ కాగితం చూపి అడుగుతారు?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఎమ్మార్ పల్లెలో అతని పేరున ఉన్న ఫ్లాటు అమ్మాలి. రాకపోకల ఖర్చు ఎందుకు, తన పేరున జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పంపమని మధ్యవర్తి సలహా.
— ఒక తండ్రి, తిరుపతి

జవాబు: మధ్యవర్తి పేరున వద్దు. పవరు ఇవ్వక తప్పకపోతే మీ పేరున, ఆ ఒక్క ఫ్లాటు అమ్మకానికి మాత్రమే పరిమితమైన పవరు రాయించండి. దానిని మీ అబ్బాయి అక్కడి భారత కాన్సులేటులో అధికారి ఎదుట సంతకం చేసి పంపాలి. అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించకపోతే చిక్కు వస్తుంది. మీరు ఆ కవరు అందిన తేదీ చూపించే కొరియరు రసీదు పారేయకండి. ధర సొమ్ము నేరుగా అబ్బాయి ఖాతాలోనే పడాలని పవరులోనే రాయించండి.

మధ్యవర్తి కోరే జీపీఏలో ఒక్కోసారి ‘మొత్తం ప్రతిఫలం ముట్టినది’ అన్న వాక్యం ఉంటుంది. ఏజెంటుకు ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉన్నట్టు రాస్తే, కాంట్రాక్టు చట్టంలోని 202వ సెక్షన్ కింద ఆ పవరును మామూలుగా రద్దు చేయడం కుదరదు. జీపీఏ ద్వారా ఆస్తి హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసినా, ఆ కాగితం పట్టుకుని తిరిగేవారు తగ్గలేదు.

ఇంకో మాట మధ్యవర్తులు చివరిదాకా చెప్పరు. అమ్మేవారు ప్రవాసి అయితే టీడీఎస్ 1 శాతం కాదు. దీర్ఘకాలిక లాభానికి 12.5 శాతం, దానికి సర్‌ఛార్జి, సెస్సు కలిపి పట్టాలి. లాభం ఎంతో తేల్చే ధ్రువపత్రం లేకపోతే కొనేవారు మొత్తం ధర మీదే టీడీఎస్ పట్టుకుంటారు. అందువల్ల తక్కువ టీడీఎస్ ధ్రువపత్రం కోసం ఆదాయపు పన్ను శాఖకు ముందే దరఖాస్తు చేసుకుని, అది వచ్చాకే రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకోండి. మూఢం వస్తోందని తొందరపెడితే లొంగకండి.

ప్రశ్న: మా ఇంట్లో రెండో అంతస్తుకు ప్లాను అనుమతి లేదు. వెనక గోడ విషయంలో పక్కింటివారితో తగాదా కూడా ఉంది. కొనేవారు చెన్నైవారు. ఇవేవీ వారికి చెప్పవద్దని మధ్యవర్తి హెచ్చరిస్తున్నారు.
— పాఠకురాలు, కట్టమంచి, చిత్తూరు

జవాబు: చెప్పండి, అదీ రాతపూర్వకంగా. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే దానిని వెల్లడించాలని, దాచడం మోసంగా పరిగణించబడుతుందని ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ అంటుంది. అమ్మిన రోజుదాకా ఇంటి పన్ను బకాయిలు తీర్చవలసిన బాధ్యతా మీదే. అబద్ధం చెప్పింది మధ్యవర్తే అయినా, మీ ఏజెంటుగా ఆయన చెప్పిన మాటకు జవాబుదారీ మీరు. రెండో అంతస్తు సంగతి బ్యాంకు వాల్యుయర్ ఎలాగూ బయటపెడతాడు. అడ్వాన్సు పుచ్చుకున్నాక బయటపడడంకంటె ముందే ధరలో తగ్గించి మాట్లాడుకోవడం మీకే లాభం.

స్థలం మూలానికీ ఇదే సూత్రం. మన రెండు జిల్లాల్లో డీకేటీ పట్టాలు (ప్రభుత్వం అసైన్ చేసిన భూములవి), మఠం భూములు, దేవాలయ భూములు అనేక సర్వే నంబర్లలో కలగలిసి ఉన్నాయి. డీకేటీ అంటే ఏమిటో చెన్నైవారికి తెలియకపోవచ్చు. మీ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద ఉన్న నిషేధిత జాబితాలో లేదని ఇల్లు అమ్మకానికి పెట్టకముందే చూసుకోండి. 1983 నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద నమోదైన వ్యవహారాల పత్రం) ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. ఈ పని మధ్యవర్తికి వదిలేస్తే, బేరం పోతుందన్న భయంతో ఆయన చూసీ చూడనట్టు ఉండవచ్చు.

ప్రశ్న: కొనేవారికి చూపించాలని మధ్యవర్తి అసలు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు తీసుకుని నాలుగు నెలలైంది. అడిగితే లాయరు దగ్గర ఉన్నాయంటున్నారు.
— పాఠకుడు, రేణిగుంట

జవాబు: ఇవాళే రిజిస్టరు పోస్టులో నోటీసు పంపండి. ఏ తేదీన ఏయే కాగితాలు ఇచ్చారో, ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో అందులో రాయండి. పది రోజులు చాలు. ఆయన అధికారం రద్దయిందని కూడా అదే నోటీసులో చెప్పండి. అప్పటికీ ఇవ్వకపోతే పోలీసు ఫిర్యాదు చేయడానికి వెనకాడవద్దు. ఈలోగా ఆ ఇంటి మీద కొత్తగా ఏదైనా వ్యవహారం నమోదైందేమో తెలుసుకోవడానికి ఈసీ తీయించండి, దస్తావేజు సర్టిఫైడ్ నకలుకూ దరఖాస్తు చేయండి. ఇల్లు చూడవచ్చినవారికి జిరాక్సు ప్రతులు సరిపోతాయి. అసలు చూడాలంటే వారి లాయరే మీ ఇంటికి వచ్చి, మీ ఎదుట చూసి వెళ్లాలి. మీ కాగితాలు బ్యాంకు రుణం కింద ఉండి, అప్పు తీర్చేశారనుకోండి, వాటిని తెచ్చిపెడతానని వచ్చే మధ్యవర్తి అవసరమే లేదు. పూర్తిగా చెల్లించిన 30 రోజుల్లో బ్యాంకు వాటిని తిరిగి ఇవ్వాలని, బ్యాంకు కారణంగా ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు విధించిన నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

ప్రశ్న: మా స్థలం 40 అంకణాలు. నెల్లూరు నుంచి వచ్చినవారు అంకణం లెక్కన ధర ఒప్పుకుని, కొలిచాక సగమే ఉందని గొడవ చేస్తున్నారు. మధ్యవర్తి మౌనంగా ఉన్నారు.
— పాఠకుడు, తిరుచానూరు

జవాబు: తిరుపతి వైపు అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. మీ 40 అంకణాలు 1,440 చదరపు అడుగులు. వారి లెక్కలో అవి 20 అంకణాలే. మీరూ అబద్ధం చెప్పలేదు, వారూ తప్పుగా వినలేదు. ఇరువైపులా తెలిసిన మధ్యవర్తి నోరు విప్పవలసిన చోటు ఇదే. పాత మాట పక్కనపెట్టి, చదరపు అడుగుకు ఎంతో కొత్తగా మాట్లాడుకుని, అగ్రిమెంటులో చదరపు అడుగులు, చదరపు గజాలు రెండూ రాయించి, నాలుగు వైపులా కొలతలతో చెక్కుబందీ (హద్దుల వివరం) వేయించండి.